40ఎక్స్‌లో అంతా మసక, పైపెట్‌తో ప్రతిసారీ తేడా: ల్యాబ్ పని చేతికి అలవాటయ్యేది ఎలా?

పాకాల_నీళ్లు | సోమవారం, రాత్రి 8:50

అందరికీ నమస్తే. మాది నర్సంపేట దగ్గర పల్లె. వరంగల్‌లో బీఎస్సీ మైక్రోబయాలజీ రెండో సంవత్సరం చదువుతున్నా. వచ్చే నెలలో ప్రాక్టికల్స్ ఉన్నాయి. రెండు విషయాల్లో బాగా టెన్షన్‌గా ఉంది, దయచేసి చెప్పండి.

మొదటిది మైక్రోస్కోప్. 10ఎక్స్‌లో (పది రెట్లు పెద్దది చేసే లెన్స్‌తో) ఉల్లిపొర కణాలు గోడలతో సహా చక్కగా కనిపిస్తాయి. 40ఎక్స్‌కు తిప్పగానే అంతా మసక. ఫైన్ నాబ్ (ఫోకస్‌ను సన్నగా సరిచేసే మర) అటు తిప్పినా ఇటు తిప్పినా మార్పు లేదు.

రెండోది మైక్రోపైపెట్, అంటే మైక్రోలీటర్లలో ద్రవం కొలిచి తీసే పరికరం. సీరియల్ డైల్యూషన్ (దశలవారీగా పల్చన చేయడం) చేసి, ఒకే ట్యూబ్ నుంచి బ్యాక్టీరియా పెంచే మూడు ప్లేట్లు వేస్తే మూడింట్లో మూడు లెక్కలు. ఒకదాంట్లో 60 కాలనీలుంటే పక్కదాంట్లో 140.

ఇంటర్‌లో మాకు మైక్రోస్కోప్‌ను దూరం నుంచి చూపించారు. ఇప్పుడు డిగ్రీలో ఒక్కో దానికి ఐదుగురం. నా వంతు వచ్చేసరికి బెల్ కొడతారు. పుస్తకంలో భాగాల పేర్లన్నీ వచ్చు, చేతికే రావడం లేదు.

కేయూ_స్కాలర్ | సోమవారం, రాత్రి 9:15

చెల్లె, రెండింటికీ జవాబు దొరుకుతుంది. కానీ ముందు కొన్ని సంగతులు చెప్పు. 40ఎక్స్‌లో మసక అంటే చీకటిగా ఉంటోందా, లేక వెలుతురు ఉన్నా పొగమంచులా ఉంటోందా? ఈ రెండూ వేర్వేరు జబ్బులు. స్లైడ్ అప్పటికప్పుడు చేసిందా, పర్మనెంట్ స్లైడా? పైపెట్ ఏ రేంజ్‌ది? 100 మైక్రోలీటర్లు తీయడానికి డయల్ మీద ఏ అంకెలు పెడుతున్నావు?

పాకాల_నీళ్లు | సోమవారం, రాత్రి 9:32

వెలుతురు ఉంటుందన్నా, తెల్లగా పొగలా ఉంటుంది. స్లైడ్ నేనే చేశాను, సాఫ్రనిన్ రంగు వేసి. పైపెట్ 20 నుంచి 200 మైక్రోలీటర్లది. డయల్ మీద పైనుంచి కిందికి 1, 0, 0 పెడుతున్నా.

బోటనీ_సార్_హనుమకొండ | సోమవారం, రాత్రి 10:05

అమ్మా, నేను డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పి రిటైరైనవాడిని. మసక సంగతి తేలేలోపు ఒక క్రమం చెబుతాను, దాన్ని చేతికి అలవాటు చేసుకో. చాలామంది పిల్లలు స్లైడ్ పెట్టగానే నేరుగా 40ఎక్స్‌కు వెళ్తారు. అక్కడే పని చెడుతుంది.

ముందు వెలుగు చూసుకోవాలి. 4ఎక్స్ ఆబ్జెక్టివ్ (స్లైడ్ వైపు ఉండే లెన్స్) కిందికి తెచ్చి, స్లైడ్ లేకుండానే కన్ను పెట్టే ఐపీస్‌లోంచి చూస్తూ వలయమంతా సమానంగా వెలిగేలా చేసుకో. అద్దం ఉన్న మైక్రోస్కోప్‌లో కండెన్సర్ (వెలుగును స్లైడ్ మీదికి చేర్చే లెన్స్) ఉంటే సమతలం వైపు వాడాలి, లేకపోతే పుటాకారం వైపు. కిటికీ వెలుగు చాలు. అద్దాన్ని నేరుగా సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ తిప్పొద్దు, కన్ను పోతుంది.

తరువాత స్లైడ్ పెట్టి, పక్కనుంచి చూస్తూ స్టేజ్‌ను ఆబ్జెక్టివ్‌కు దగ్గరగా తీసుకురా. ఇప్పుడు ఐపీస్‌లోంచి చూస్తూ దూరం జరుపుతూ ఫోకస్ చెయ్. ఎప్పుడూ దూరం జరుపుతూనే ఫోకస్ చేయాలి. అలా చేస్తే లెన్స్ గాజుకు గుద్దుకోదు. 4ఎక్స్‌లో దొరికినదాన్ని వలయం మధ్యకు తెచ్చి 10ఎక్స్, మళ్లీ మధ్యకు తెచ్చి 40ఎక్స్. మామూలు 10ఎక్స్ ఐపీస్‌తో 4ఎక్స్‌లో దాదాపు 4.5 మిల్లీమీటర్ల వెడల్పు కనిపిస్తే, 40ఎక్స్‌లో 0.45 మాత్రమే కనిపిస్తుంది. మధ్యలో లేని కణం 40ఎక్స్‌లో అసలు వలయంలోకే రాదు. "సార్, మాయమైంది" అని పిల్లలు పిలిచేది ఇందుకే.

40ఎక్స్‌కు వచ్చాక కోర్స్ నాబ్ (పెద్ద ఫోకస్ మర) ముట్టొద్దు. ఆ లెన్స్‌కూ స్లైడ్‌కూ మధ్య ఖాళీ సుమారు అర మిల్లీమీటరే. ఫైన్ నాబ్ కొంచెం తిప్పితే చాలు, ఎందుకంటే ఆబ్జెక్టివ్‌లన్నీ దాదాపు ఒకే ఫోకస్‌కు కుదిరేలా తయారు చేస్తారు. కండెన్సర్‌ను స్టేజ్ దగ్గరిదాకా పైకి లేపి, దానికింద వెలుగును తగ్గించి పెంచే డయాఫ్రమ్ కొంచెం తెరువు. 4ఎక్స్ లెన్స్ న్యూమరికల్ అపెర్చర్ (ఎంత వెడల్పు వెలుగును పట్టగలదో చెప్పే సంఖ్య) 0.10 అయితే 40ఎక్స్‌ది 0.65. వెడల్పైన వెలుగు శంకువు అందకపోతే ఆ 0.65 వృథాయే, వివరం రాదు. మరీ తెరిస్తే రంగు వేయని కణాలు వెలుగులో కలిసిపోతాయి. సరైన చోటు ఏదో నీ కంటికే తెలుస్తుంది.

లెన్స్_మెకానిక్ | సోమవారం, రాత్రి 10:40

సార్ చెప్పిన క్రమం వంద శాతం కరెక్ట్. నేను కరీంనగర్, మంచిర్యాల, ఆదిలాబాద్ వైపు కాలేజీలు, స్కూళ్లు తిరిగి మైక్రోస్కోప్‌లు బాగుచేస్తాను. చెల్లెమ్మా, 10ఎక్స్ బాగుండి 40ఎక్స్ ఒక్కటే తెల్లగా పొగలా ఉంటే నాకు వచ్చే మొదటి అనుమానం ఆ లెన్స్ మీద ఎండిన నూనె. ఎట్ల చూడాలో చెప్తా.

ముందు స్లైడ్ కొంచెం జరుపు. మరక కూడా జరిగితే మురికి స్లైడ్ మీద ఉన్నట్టు. జరగకపోతే ఐపీస్‌ను దాని గొట్టంలోనే తిప్పు. మరక దాంతోపాటు తిరిగితే అది ఐపీస్ మురికి. రెండింటికీ కదలకపోతే ఆబ్జెక్టివ్‌దో కండెన్సర్‌దో. ఇప్పుడు ఐపీస్ బయటికి తీసి తలకిందులు చేసి కంటికి పెట్టుకో. అది మంచి భూతద్దంలా పనిచేస్తుంది. 40ఎక్స్ లెన్స్ మూతి దగ్గర పెట్టి కిటికీ వెలుగులో చూడు. శుభ్రంగా ఉంటే నల్లగా, నున్నగా మెరుస్తుంది. నూనె ఉంటే పసుపు పొర కనిపిస్తుంది.

దొరికితే నువ్వు తుడవకు. ల్యాబ్ అసిస్టెంట్‌ను పిలువు.

ఏటూరునాగారం_ల్యాబ్ | మంగళవారం, ఉదయం 6:45

నేను ఏజెన్సీలో ల్యాబ్ టెక్నీషియన్‌ను. మాది రోజూ 100ఎక్స్ మీద పని. మలేరియా స్మియర్లు (స్లైడ్ మీద పూసిన రక్తం), కఫం స్లైడ్లు. నూనె 40ఎక్స్ మీదికి ఎట్ల వస్తుందో చెప్తాను. మీ ముందు బ్యాచ్ వాళ్లు గ్రామ్ స్టెయిన్ (బ్యాక్టీరియాకు రంగు వేసిన స్లైడ్) చూసి ఉంటారు. నూనె చుక్క వేసి 100ఎక్స్‌లో చూశాక, మళ్లీ 40ఎక్స్‌లో చూద్దామని వెనక్కి తిప్పి ఉంటారు. 40ఎక్స్ లెన్స్ పొడవుగా ఉంటుంది, నేరుగా నూనెలోకి దిగుతుంది. అది నూనెకు చేసిన లెన్స్ కాదు.

మా దగ్గర నియమం ఒకటే. స్లైడ్ మీద నూనె పడ్డాక 40ఎక్స్ వైపు తిప్పేది లేదు. 100ఎక్స్ నుంచి రెండో దిక్కుగా 4ఎక్స్‌కు తిప్పి, స్లైడ్ తీసేయాలి. సాయంత్రం పని అయిపోగానే లెన్స్ పేపర్‌తో 100ఎక్స్ మీది నూనె అద్దేయాలి. రుద్దొద్దు, అద్దాలి. సెడార్ ఉడ్ నూనె అయితే రాత్రికి రాత్రే గట్టిపడుతుంది.

నూనె ఎందుకు వేస్తామని మా దగ్గరికి ట్రైనింగ్‌కు వచ్చే పిల్లలను అడిగితే "పెద్దగా కనపడటానికి" అంటారు. కాదు. గాజు వక్రీభవన గుణకం సుమారు 1.52, గాలిది 1. గాజులోంచి గాలిలోకి వచ్చేటప్పుడు వంగిపోయి లెన్స్‌కు అందకుండా పోయే వెలుగును నూనె ఆపుతుంది. నూనె గుణకం కూడా 1.515 దగ్గరే ఉంటుంది కాబట్టి వెలుగు నేరుగా లెన్స్‌లోకి పోతుంది. 100ఎక్స్ లెన్స్ అపెర్చర్ 1.25 అని రాసి ఉంటుంది. నూనె లేకుండా ఆ సంఖ్య రాదు. పల్చటి స్మియర్‌లో మలేరియా క్రిమి రెండు రకాలైన వైవాక్స్ రింగ్‌ను, ఫాల్సిపేరం రింగ్‌ను వేరుగా పట్టేది ఆ వివరంతోనే. ఈ రెండు రకాలకూ ఇచ్చే మందు తేడా, కాబట్టి మసక లెన్స్‌తో రిపోర్ట్ రాయడం నాకు నచ్చని పని.

పాకాల_నీళ్లు | మంగళవారం, సాయంత్రం 5:20

మెకానిక్ అన్నా, మీరన్నట్టే ఉంది! ఐపీస్ తలకిందులుగా పెట్టి చూస్తే 40ఎక్స్ మీద పసుపుగా పొర, దానికి అతుక్కుని దుమ్ము కూడా ఉంది. మా ల్యాబ్ అసిస్టెంట్‌కు చూపించాను. ఆయన లెన్స్ పేపర్‌కు జైలీన్ (నూనెను కరిగించే ద్రావకం) తడి అద్ది తుడిచారు. తరువాత అదే స్లైడ్ పెడితే కేంద్రకాలు కనిపించాయి, ఒక్కోదాంట్లో చిన్న చుక్కలాంటి కేంద్రకాంశం కూడా. బ్యాచ్ అంతా వచ్చి చూశారు.

లెన్స్_మెకానిక్ | మంగళవారం, సాయంత్రం 6:10

సంతోషం చెల్లెమ్మా. జైలీన్ విషయంలో మాత్రం అందరూ ఒకటి గుర్తు పెట్టుకోండి. పేపర్ తడవాలి, లెన్స్ తడవొద్దు. లోపల గాజు ముక్కలను అతికించిన జిగురు పాత లెన్సుల్లో జైలీన్‌కు, స్పిరిట్‌కు రెండింటికీ మెత్తబడొచ్చు. మధ్యనుంచి బయటికి చుట్టూ తిప్పుతూ ఒక్కసారి తుడిచి, ఆ పేపర్ పడేసి, కొత్త పొడి పేపర్‌తో మళ్లీ తుడవాలి. కిటికీలు తెరిచి చేయండి, ఆ వాసన మంచిది కాదు. కర్చీఫు, చున్నీ కొస, దూది ఇవేవీ లెన్స్‌కు తగలొద్దు. దుమ్ముంటే ముందు రబ్బర్ బ్లోయర్‌తో ఊదాలి, నోటితో కాదు.

ఇంకోటి. ఆగస్టు, సెప్టెంబర్‌లో నా దగ్గరికి వచ్చే లెన్సుల్లో ఎక్కువ ఫంగస్ కేసులే. వానాకాలం చెక్క పెట్టెలో తాళం వేసి పెడితే లెన్స్ మీద సాలెగూడులా బూజు అల్లుకుంటుంది, గాజు పూతను తినేస్తుంది. పెట్టెలో సిలికా జెల్ సంచి పెట్టండి. నీలం గింజలు గులాబీ రంగుకు మారితే వేడి చేసి మళ్లీ వాడొచ్చు. బీరువాలో చిన్న బల్బు వెలిగించి ఉంచేవాళ్లూ ఉన్నారు, అదీ పనిచేస్తుంది. అన్నిటికంటే మంచిది రోజూ వాడటం. నేను చూసినంతలో వాడిన మైక్రోస్కోప్ కంటే దాచిన మైక్రోస్కోపే తొందరగా పాడవుతుంది.

సిరిసిల్ల_టీచరమ్మ | మంగళవారం, రాత్రి 8:30

ఆ చివరి మాట ప్రతి హెడ్మాస్టర్ గదిలో రాసి పెట్టాలనిపిస్తోంది. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మా బీరువాలో మైక్రోస్కోప్ ఉంది, నేను వచ్చేనాటికి దానికి కట్టిన ప్లాస్టిక్ కవర్ కూడా విప్పలేదు. ఇప్పుడు కణం పాఠం మొదలైతే అది తరగతి గదిలోనే ఉంటుంది.

పిల్లలకు నేను మొదట చూపించేది ఉల్లిపొర కాదు, చెరువు నీళ్లు. కదిలేది కనిపిస్తే పిల్లలు ఐపీస్ వదలరు. అయితే పారమీసియం అనే ఏకకణ జీవి వలయంలో నిలవదు, చూసేలోపే పారిపోతుంది. దానికి మా పిల్లలు వాడేది పత్తి. జమ్మికుంట వైపు పత్తి చేలు ఎలాగూ ఉన్నాయి. నాలుగు పోగులు విడదీసి స్లైడ్ మీద పరిచి, వాటి మీద నీటి చుక్క, ఆ పైన కవర్ స్లిప్. పోగుల మధ్య గదుల్లో అవి చిక్కుకుని అక్కడక్కడే తిరుగుతాయి. అప్పుడు తాపీగా చూడొచ్చు.

స్లైడ్‌ను ఎడమకు జరిపితే బొమ్మ కుడికి పోతుందని కూడా పిల్లలు అప్పుడే కనిపెడతారు. ముందే చెప్పను.

కరెంటు, బల్లలు లేని చోట ఫోల్డ్‌స్కోప్ మంచి ఉపాయం. స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాష్ బృందం 2014లో ప్రపంచానికి చూపించిన కాగితపు మైక్రోస్కోప్ అది. సుమారు 140 రెట్లు పెద్దది చేస్తుంది. చిన్న గుండు లెన్స్ ఒక్కటే. లీవెన్‌హుక్ 1670లలో బ్యాక్టీరియాను చూసింది కూడా ఒకే లెన్స్‌తోనే కదా. ఫోన్ కెమెరాకు అంటిస్తే గదిలో అందరూ చూడొచ్చు.

కేయూ_స్కాలర్ | మంగళవారం, రాత్రి 9:00

ఇక పైపెట్ సంగతికి వస్తా.

చెల్లె, నీ డయల్ సరిగానే ఉంది. 200 మైక్రోలీటర్ల పైపెట్‌లో 1, 0, 0 అంటే వందే. కానీ ఇదే అంకెలు వేరే పైపెట్లలో వేరే అర్థం ఇస్తాయి, కాబట్టి ఇది చదివే మిగతావాళ్ల కోసం చెబుతున్నా. పీ20 (20 మైక్రోలీటర్ల దాకా తీసే పైపెట్) మీద 1, 0, 0 అంటే 10 మైక్రోలీటర్లు, అక్కడ చివరి అంకె దశాంశం. పీ1000 మీద 1, 0, 0 అంటే 1000 మైక్రోలీటర్లు, ఒక మిల్లీలీటర్. ఒకే రాత, మూడు పరిమాణాలు. రంగు మారిన అంకె ఏ స్థానంలో ఉందో చూసి చదవాలి. రేంజ్ దాటి డయల్‌ను బలవంతంగా తిప్పితే లోపల మర పోతుంది.

ఇప్పుడు నీ లెక్క. ఒకే ట్యూబ్ నుంచి వేసిన ప్లేట్లలో కొంత తేడా సహజమే. సగటు 100 కాలనీలు ఉంటే దాని వర్గమూలం 10. అటూ ఇటూ దానికి రెండింతలు, అంటే ఇరవై దాకా వస్తే అది యాదృచ్ఛికం, నీ చేతి తప్పు కాదు. 60, 140 మాత్రం ఆ పరిధిలోవి కావు. అంటే చేతిలోనో, పైపెట్‌లోనో, ట్యూబ్ కలపడంలోనో తేడా ఉంది.

బొటనవేలి పని ఇలా ఉండాలి. పైన నొక్కే ప్లంజర్‌ను గాలిలోనే మొదటి స్టాప్ (మొదట ఆగే చోటు) దాకా నొక్కి, తరువాత టిప్‌ను ద్రవంలో రెండు మూడు మిల్లీమీటర్లు ముంచాలి. మెల్లగా వదలాలి. వదిలాక ఒక సెకను ఆగి బయటికి తీయాలి. తటాలున వదిలితే గాలి బుడగ ఎక్కుతుంది, తుంపర పైపెట్ లోపలికి పోతుంది. పోసేటప్పుడు టిప్‌ను గోడకు ఆనించి మొదటి స్టాప్, క్షణం ఆగి రెండో స్టాప్, అలా నొక్కి ఉంచే బయటికి తీయాలి. చాలామంది తీసుకునేటప్పుడే రెండో స్టాప్ దాకా నొక్కుతారు. అప్పుడు ప్రతిసారీ ఎక్కువ వస్తుంది, అదీ ఒక్కోసారి ఒక్కోలా.

కొత్త టిప్ వేశాక ఒకసారి అదే ద్రవాన్ని తీసి వదిలి, రెండోసారి తీసింది వాడు. మొదటిసారి కొంత తడి గోడకు అంటుకుంటుంది. పైపెట్ నిలువుగా పట్టుకో. టిప్‌లో ద్రవం ఉండగా బల్ల మీద పడుకోబెట్టొద్దు.

పైపెట్‌ను అనుమానించే ముందు తూచి చూడు. బ్యాలెన్స్ మీద చిన్న బీకర్ పెట్టి సున్నా చేసి, 100 మైక్రోలీటర్ల నీళ్లు వదులుతూ ప్రతిసారీ బరువు రాసుకో. 30 డిగ్రీల దగ్గర నీటి సాంద్రత 0.9957, కాబట్టి 0.0996 గ్రాము రావాలి. మీ బ్యాలెన్స్ అంత సూక్ష్మంగా చూపకపోతే ఒకే బీకర్‌లో పదిసార్లు వేసి మొత్తం చూడు, ఒక గ్రాముకు కొంచెం తక్కువ ఉండాలి. ఫ్యాన్ ఆపి చెయ్.

మిర్చి_తోట | మంగళవారం, రాత్రి 9:45

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఏజీ బీఎస్సీ చేస్తున్నా, మాది మహబూబాబాద్ వైపు, ఇంట్లో మిర్చి వేస్తాం. అందరూ కాంపౌండ్ మైక్రోస్కోప్ గురించే మాట్లాడుతున్నారు. రైతు ఇంట్లో పనికొచ్చేది 10ఎక్స్ చేతి భూతద్దం, కాలేజీలో అయితే స్టీరియో మైక్రోస్కోప్. 2021లో నల్ల తామర పురుగు వచ్చి తోటలు పీకేసిన రోజులు మా వైపు ఎవరూ మర్చిపోలేదు. ఆ పురుగు ఒక మిల్లీమీటరు ఉంటుంది, పూలలో దాక్కుంటుంది. పువ్వును తెల్ల కాగితం మీద దులిపి భూతద్దంతో చూస్తే కనిపిస్తుంది. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి అని పెద్దలు చెబుతారు, అది నిజమే. కానీ ఆకు వెనక నల్లిని కంటితో చూశాక మందు కొట్టడం వేరు, ముడత చూసి ఊహించి కొట్టడం వేరు. డబ్బు మిగిలేది అక్కడే.

భూతద్దాన్ని కంటికి ఆనించి ఆకును దగ్గరికి తేవాలి. చాలామంది భూతద్దాన్ని ఆకు దగ్గర పెట్టి దూరం నుంచి చూస్తారు.

పాత_టెక్నీషియన్ | బుధవారం, ఉదయం 7:30

ఈ తరం పిల్లలకు మైక్రోపైపెట్లు, టిప్పులు అన్నీ ఉన్నాయి. మా రోజుల్లో అంతా గాజు పైపెట్, నోటితో పీల్చేవాళ్లం. గీత దగ్గర నాలుకతో ఆపితే వెంట్రుకవాసి తేడా వచ్చేది కాదు. పీల్చే రబ్బరు బల్బు పెడితే ఆ పట్టు రాదనే నా అభిప్రాయం.

ఏటూరునాగారం_ల్యాబ్ | బుధవారం, ఉదయం 7:55

అన్నా, మీ అనుభవం మీద గౌరవం ఉంది, కానీ ఈ మాట పిల్లలు చదువుతున్నారు. నోటితో పీల్చడం ఏ ల్యాబ్‌లోనూ ఒప్పుకోకూడదు. రక్తం, కల్చర్, యాసిడ్, మంచినీళ్లు, దేనికైనా సరే. సాలీ పద్ధతిలో హిమోగ్లోబిన్ చూసేటప్పుడు 20 మైక్రోలీటర్ల రక్తం గీత దాకా పీల్చేవాళ్లు. గీత దాటి ఒక్క పీల్పు ఎక్కువైతే రక్తం గొట్టంలోకి, ఆపై నోట్లోకి. హెపటైటిస్ బి ఒక్కటి చాలు. నీళ్లకు నోరు అలవాటైతే రేపు కల్చర్‌కు కూడా నోరే వెళ్తుంది.

పట్టు బల్బుతోనూ వస్తుంది. గీతకు కొంచెం పైకి పీల్చి, బల్బు తీసి, చూపుడువేలితో పైన మూసి, వేలు కొంచెం సడలిస్తూ ద్రవం అడుగు వంపు గీతను తాకేదాకా దింపాలి. కన్ను గీతకు సమానంగా ఉండాలి. బొటనవేలితో మూస్తే ఆ అదుపు రాదు.

పాత_టెక్నీషియన్ | బుధవారం, ఉదయం 8:20

రక్తం విషయంలో మీరు చెప్పింది కాదనలేను. పిల్లలు బల్బే వాడండి. ఇంకొకటి కలుపుతాను. గాజు పైపెట్ పై కొసన రెండు వలయాలు ఉంటే చివరి చుక్క కూడా బల్బుతో ఊది దింపాలి. లేకపోతే కొసను గోడకు తాకించి వదిలేయాలి, మిగిలిన చుక్కను లెక్కలోకి తీసుకోకుండానే గీతలు గీస్తారు. ఈ తేడా ఇప్పటి పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు.

బైపీసీ_పోరడు | బుధవారం, సాయంత్రం 4:40

నమస్తే సార్. నేను జగిత్యాలలో ఇంటర్ సెకండియర్. ప్రాక్టికల్స్‌లో కాండం అడ్డుకోత తీసి స్లైడ్ చేయాలి. నాకు మందంగా వస్తోంది, లేదంటే సగం ముక్క. బుడగలు కూడా వస్తున్నాయి. ఏం చేయాలి?

బోటనీ_సార్_హనుమకొండ | బుధవారం, సాయంత్రం 6:30

బాబూ, కొత్త బ్లేడు తీసుకో. పాత బ్లేడుతో ఎంత పనిమంతుడికైనా మంచి కోత రాదు. కాండం మెత్తగా ఉంటే క్యారెట్ ముక్కను చీల్చి మధ్యలో పెట్టి పట్టుకో. బ్లేడును, కాండం పైభాగాన్ని నీటితో తడుపు. బ్లేడును నొక్కొద్దు, అవతలి నుంచి నీ వైపుకు ఏటవాలుగా జారవిడువు. ఆగకుండా చాలా కోతలు తీస్తూ అన్నీ వాచ్ గ్లాసులోని నీటిలో వెయ్. పూర్తి వలయం కావాలని పట్టుబట్టకు. గాజులా పారదర్శకంగా, పల్చగా తేలే ముక్కను బ్రష్‌తో తీసుకో. నాళికా పుంజాలు స్పష్టంగా కనిపించే పావు వంతు ముక్క, మందమైన పూర్తి చక్రం కంటే మేలు.

సాఫ్రనిన్‌లో కాసేపు ఉంచి, నీటిలో కడిగి, రంగు దారువు దగ్గరే ఎర్రగా మిగిలేదాకా చూడు. స్లైడ్ మీద గ్లిజరిన్ ఒక చుక్కే వెయ్. కవర్ స్లిప్ ఒక అంచు ముందు ద్రవానికి తాకాలి, రెండో అంచును నీడిల్ మీద ఆనించి మెల్లగా దింపాలి. గాలి పక్కకు తప్పుకుంటుంది. గ్లిజరిన్ ఎక్కువైతే కవర్ స్లిప్ తేలుతుంది, పొంగి 40ఎక్స్ లెన్స్‌కు అంటుతుంది. ఫిల్టర్ పేపర్ అంచుతో పీల్చెయ్.

బుడగ అంటే నల్లటి మందమైన అంచుతో, లోపల ఖాళీగా, పూర్తి గుండ్రంగా ఉండేది. చాలా రికార్డుల్లో దాన్ని కణమని గీసి, పేరు కూడా రాస్తారు. ఎగ్జామినర్ కన్ను మొదట పడేది దాని మీదే. కణానికి అంత గుండ్రదనం ఉండదు.

పర్మనెంట్ స్లైడ్ ఇస్తే కవర్ స్లిప్ పైవైపు ఉందో లేదో చూసుకో. తిరగేసి పెడితే 4ఎక్స్, 10ఎక్స్‌లో కనిపిస్తుంది, 40ఎక్స్‌లో ఎంత ప్రయత్నించినా కనిపించదు. స్లైడ్ గాజు ఒక మిల్లీమీటరు పైన మందం, లెన్స్ ఆ దూరం దాకా చూడలేదు. బలవంతం చేస్తే స్లైడ్ పగులుతుంది.

పాకాల_నీళ్లు | గురువారం, సాయంత్రం 5:45

స్కాలర్ అన్నా, తూచి చూశాను. 100 మైక్రోలీటర్లకు ఒకసారి 0.082, ఒకసారి 0.101, మధ్యలో ఏవేవో. మీరు చెప్పినట్టు ద్రవం తీసి నిలువుగా పట్టుకుని చూస్తే టిప్ కొసన మెల్లగా చుక్క పేరుకుంటోంది. మా దగ్గర రెండు రకాల పసుపు టిప్పులు ఉన్నాయి. ఇంకో ప్యాకెట్‌లోవి వేస్తే చుక్క ఆగిపోయింది. వాటితో 0.098 నుంచి 0.100 మధ్యే వస్తోంది.

కేయూ_స్కాలర్ | గురువారం, రాత్రి 7:10

దొరికింది! టిప్ సరిగా బిగుసుకోక గాలి లీక్. ఆ ప్యాకెట్ మీద ఈ పైపెట్‌కు సరిపోవని రాసి పక్కన పెట్టించు, లేకపోతే వచ్చే ఏడాది ఇంకొకరు ఇదే బాధ పడతారు. మంచి టిప్పులతో కూడా లీకైతే లోపలి ఓ రింగ్ (రబ్బరు వలయం) అరిగినట్టు, అది మార్చాలి.

ప్లేట్ల కోసం ఇంకో జాగ్రత్త. 1 మిల్లీలీటర్‌ను 9 మిల్లీలీటర్లలో వేశాక ట్యూబ్‌ను బాగా కలిపి వెంటనే తీయి. నిలబెడితే బ్యాక్టీరియా కిందికి చేరుతుంది. ప్రతి ట్యూబ్‌కూ కొత్త టిప్. పాత టిప్‌తో ముందుకెళ్తే దాని గోడకు అంటిన చిక్కటి ద్రవం పల్చని ట్యూబ్‌లోకి దిగుతుంది, చివరి ప్లేట్లలో లెక్క పెరుగుతుంది. 30 నుంచి 300 మధ్య కాలనీలున్న ప్లేట్‌నే లెక్కకు తీసుకో.

పాకాల_నీళ్లు | శుక్రవారం, రాత్రి 8:15

మళ్లీ వేసిన ప్లేట్లు ఈ రోజు తీశాను. 92, 104, 97. మేడమ్ రికార్డులో సంతకం పెట్టి, వచ్చే వారం నుంచి మా బ్యాచ్‌కు శనివారం మధ్యాహ్నం ల్యాబ్ తెరిచి ఉంచుతామన్నారు. వాడుకోవాలంటే పేరు రాసి, పని అయ్యాక లెన్స్ తుడిచినట్టు సంతకం పెట్టాలి.

చివరి ప్రశ్న. ఈస్ట్ కణం సైజు కొలవమన్నారు. ఐపీస్‌లో గీతలు ఉన్నాయి, కానీ ఒక్కో గీత ఎంతో ఎలా తెలుస్తుంది?

బోటనీ_సార్_హనుమకొండ | శుక్రవారం, రాత్రి 9:20

ఐపీస్ గీతలకు సొంత విలువ ఉండదమ్మా, లెన్స్ మారితే విలువ మారుతుంది. అందుకే స్టేజ్ మైక్రోమీటర్ అనే స్లైడ్ అడుగు. దాంట్లో ఒక మిల్లీమీటరును 100 భాగాలు చేసి ఉంటారు, ఒక్కో భాగం 10 మైక్రోమీటర్లు. 40ఎక్స్‌లో రెండు స్కేళ్లను ఒకదాని మీద ఒకటి పెట్టి, రెండు చోట్ల కచ్చితంగా కలిసే గీతలు చూడు. ఉదాహరణకు ఐపీస్‌లో 40 గీతలకు స్టేజ్ మీద 10 భాగాలు వస్తే, 100 మైక్రోమీటర్లను 40తో భాగిస్తే ఒక గీత 2.5 మైక్రోమీటర్లు.

ఈస్ట్ కణం సాధారణంగా 5 నుంచి 10 మైక్రోమీటర్లు. అంటే 40ఎక్స్‌లో రెండు నుంచి నాలుగు గీతలే, సగం గీత అటూ ఇటైనా లెక్క చాలా మారుతుంది. 100ఎక్స్‌లో నూనె వేసి కొలువు, అక్కడ గీత విలువ సుమారు 1 మైక్రోమీటర్ అవుతుంది. ఆ విలువ కూడా విడిగా కాలిబ్రేట్ చేసే తేల్చుకో, 40ఎక్స్ విలువను భాగించి ఊహించొద్దు. మొగ్గ వేస్తున్న కణాలను వదిలేసి, విడిగా ఉన్న చాలా కణాలను కొలిచి సగటు తీయి. ప్రతి మైక్రోస్కోప్‌కూ విలువ కొంచెం తేడా ఉంటుంది. కాబట్టి ఏ ఆబ్జెక్టివ్‌కు ఎంతో చిన్న కాగితం మీద రాసి ఆ మైక్రోస్కోప్ పెట్టె లోపలివైపు అంటించు. శనివారం వచ్చే మిగతా నలుగురికీ అది పనికొస్తుంది.